మగాడితో కలిశానని చెప్పకుండా సుఖవ్యాధుల టెస్టులు చేయించుకోవడం కుదురుతుందా? విజయవాడలో ఎక్కడికి వెళ్లాలి?

పటమట_రూమ్ అడిగింది:

అందరికీ నమస్తే. కొత్త ఐడీతో రాస్తున్నాను, ఎందుకో మీకే అర్థమవుతుంది. మాది గుంటూరు దగ్గర పల్లె, ఉద్యోగం విజయవాడలో. పటమటలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి రూములో ఉంటాను. వయసు 26. నేను గే. ఇంట్లో తెలియదు, రూమ్‌మేట్లకూ తెలియదు. పైగా ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు, అది వేరే తలనొప్పి.

అసలు విషయం ఏంటంటే, సంక్రాంతి సెలవుల్లో యాప్‌లో పరిచయమైన ఒకతన్ని కలిశాను. కండోమ్ వాడాం. జారుడుగా ఉండటానికి ఏమీ లేదని అతను కొబ్బరినూనె రాశాడు, మధ్యలో అది చిరిగింది, చూసుకునేసరికే అంతా అయిపోయింది. ఇప్పటికి నెల కావస్తోంది. ఈ మధ్య మలద్వారం పక్కన చిన్న పుండు చేతికి తగులుతోంది, నొప్పి లేదు, దురద లేదు, రక్తం రావడం లేదు, అందుకే మొదట మొలలేమో అనుకున్నా. గజ్జల్లో కూడా చిన్న బిళ్ల కట్టినట్టుంది. జ్వరం లేదు.

మా ఇంటి డాక్టర్ గుంటూరు కొత్తపేటలో ఉంటాడు, చిన్నప్పటి నుంచి ఆయనే చూస్తాడు, నాన్నకి బాగా దోస్తు. ఆయన దగ్గరికి వెళ్తే నేను ఇంటికి చేరేలోపు విషయం చేరుతుంది. సరే అని ఇక్కడ సూర్యారావుపేటలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి హాలు నిండా జనం ఉండగా “ప్రాబ్లమ్ ఏంటి సార్” అని గట్టిగా అడిగింది. జుట్టు రాలుతోందని చెప్పాను. లోపల డాక్టర్‌కీ అదే చెప్పాను. జుట్టుకి ఏదో సీరం రాసిచ్చాడు, అది ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, నవ్వకండి.

నాకు తెలియాల్సినవి ఇవి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలా, ప్రైవేటా? ఆధార్ అడుగుతారా, అడిగితే ఆ రికార్డు ఎక్కడికైనా పోతుందా? మగాడితో అని చెప్పకుండా ఉత్త “బ్లడ్ టెస్ట్ చేయండి” అంటే సరిపోదా? పోలీసు గొడవ ఏమన్నా ఉంటుందా? హెచ్ఐవీ టెస్ట్ ఇప్పుడు చేయించుకుంటే తెలిసిపోతుందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఫోన్‌లో వెతికిన కొద్దీ టెన్షన్ ఇంకా పెరుగుతోంది.

---

పాత_కౌన్సిలర్:

తమ్ముడూ, నేను మన వైపే ఒక ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ టెస్టులు చేసే గదిలో, కౌన్సిలర్‌గా చేశాను, ఇప్పుడు మానేశాను. కాబట్టి ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిసే చెప్తున్నా.

ముందు పుండు సంగతి. నొప్పి లేని పుండు, పక్కనే గజ్జల్లో బిళ్లలు, కలిసి నెల లోపు. ఇది చదివిన ఏ సుఖవ్యాధుల డాక్టరుకైనా మొదట వచ్చే అనుమానం సిఫిలిస్. మన పెద్దవాళ్లు సవాయి రోగం అనేవాళ్లే, అదే. అదే అయ్యుండాలని కాదు, చూడకుండా ఎవరూ చెప్పలేరు, నేనైతే అసలే చెప్పకూడదు. కానీ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో. సిఫిలిస్ పుండు మందు వేసుకోకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. మానింది కదా అని మనవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు వస్తాయి, అవీ పోతాయి, ఏళ్ల తర్వాత కంటికో నరాలకో గుండెకో వస్తుంది. మొదట్లోనే దొరికితే బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకీ సగం సగం పొడుస్తారు, ఒక్కసారితో అయిపోతుంది. కాబట్టి మానేదాకా చూద్దాం అనుకోకుండా పుండు ఉండగానే వెళ్లు, డాక్టరుకి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఎక్కడికంటే, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ ఉంది. ఓపీ కౌంటర్లో “స్కిన్” అంటే చాలు, చీటీ రాస్తారు, అక్కడ ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇలాంటి ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకి విడిగా నడిపే దాన్ని సురక్ష క్లినిక్ అంటారు, బోర్డు కనపడకపోతే స్కిన్ ఓపీలో నర్సుని అడుగు. హెచ్ఐవీ టెస్టు చేసే గది ఐసీటీసీ. టెస్టులూ మందులూ రెండు చోట్లా ఉచితమే. గజ్జల బిళ్లలకీ, పుండుకీ, చీముకీ రంగురంగుల పెట్టెల్లో మందుల కిట్లు ఉంటాయి, అవి చేతికిస్తారు. బయట కొనమని చీటీ రాస్తే ఎందుకని అడుగు.

ఆధార్ గురించి. ఓపీ దగ్గర ఇప్పుడు ఆభా (ప్రభుత్వ హెల్త్ ఐడీ) క్యూఆర్ స్కాన్ చేయమంటున్నారు, తొందరగా అయిపోతుందని. ఆభా స్వచ్ఛందం. వద్దంటే పేరు, వయసు, ఊరు చెప్పి చీటీ తీసుకోవచ్చు. ఐసీటీసీ వేరు, అక్కడ నీకో నంబర్ ఇస్తారు, రిపోర్టు ఆ నంబర్ మీద కౌన్సిలర్ నీ చేతికే ఇస్తాడు. ఇంటికి ఫోన్ చేయరు, ఉత్తరం రాయరు. ఇది మంచితనంతో చేసే పని కూడా కాదు, చట్టం. 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. నీ ఒప్పుకోలు లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, దాన్ని పట్టుకుని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, వైద్యం చేయనని అనకూడదు.

ఇక నువ్వు తప్పించుకోవాలనుకుంటున్న ప్రశ్న. చెప్పకుండా కుదురుతుందా అంటే, కుదురుతుంది, కానీ ఆ టెస్టు సగమే అవుతుంది. ఉత్త “బ్లడ్ టెస్ట్” అంటే హెచ్ఐవీ ఒక్కటి చేసి పంపించేస్తారు. పుండు మలద్వారం దగ్గరుంది, అక్కడ ఎందుకు ఉందో నువ్వు చెప్పకపోతే డాక్టర్ కూడా నీలాగే మొలలు అనుకుని క్రీమ్ రాస్తాడు. ఇలా క్రీములు పూసుకుని తిరిగి, ఒళ్లంతా దద్దుర్లు లేచాక వచ్చిన వాళ్లు నా గదిలో కూర్చున్నారు. గొంతులో, వెనకవైపు సెగవ్యాధి (గనోరియా) ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు, అడిగితేనే చూస్తారు. నీ జీవితం మొత్తం చెప్పనవసరం లేదు. “మగవాళ్లతో సంబంధం ఉంది. వెనకవైపు. కండోమ్ చిరిగింది. పుండు అక్కడే ఉంది.” ఇంతే. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అపరిచితుడికి చెప్పాలంటే నోరు పెగలదు, నాకు తెలుసు. కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు, చాలామంది అలాగే చేసేవారు. పెద్దాసుపత్రుల్లో డాక్టర్ చుట్టూ నలుగురు మెడికోలు నిలబడి ఉంటారు, “కొంచెం ప్రైవేటుగా చెప్పాలండీ” అంటే వాళ్లని పంపిస్తారు లేదా నిన్ను లోపలికి తీసుకెళ్తారు. అడగడానికి మొహమాటపడకు.

ఐసీటీసీ ఫారంలో ఎంఎస్ఎం, అంటే మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు, అని ఒక గడి ఉంటుంది, దానిలో టిక్ పెడితే బెదిరిపోకు. నీకు ఏ సేవలు చెప్పాలో తెలియడానికి అది. అలా టిక్ పెట్టిన వాళ్లకి కావాలంటే ఈ పని మీదే ఉండే స్వచ్ఛంద సంస్థల వాళ్లని పరిచయం చేస్తారు, వాళ్లలో మనలాంటి మనుషులే ఉంటారు, కండోమ్‌లూ జెల్లూ ఉచితంగా ఇస్తారు, తోడుగా ఆసుపత్రికీ వస్తారు. వద్దంటే వద్దు.

హెచ్ఐవీ ఇప్పుడు చేయించుకో, మళ్లీ మూడు నెలలు నిండాక చేయించుకో. ప్రభుత్వ కేంద్రాల్లో వాడే రాపిడ్ కిట్లు యాంటీబాడీలని చూస్తాయి, అవి ఒంట్లో తయారవడానికి టైం పడుతుంది కాబట్టి మొదటి నెల నెగెటివ్‌ని పూర్తిగా నమ్మలేం. ప్రైవేట్ ల్యాబుల్లో ఫోర్త్ జనరేషన్ టెస్టు అయితే 45 రోజులకి చాలావరకు తేలిపోతుంది. ఒకవేళ ఎక్కడైనా “రియాక్టివ్” అని వస్తే అదే ఆఖరి మాట కాదు, వేరే వేరే కిట్లతో మూడుసార్లూ రియాక్టివ్ వస్తేనే పాజిటివ్ అంటారు. దీంతోపాటు ఆర్‌పీఆర్ (సిఫిలిస్‌కి చేసే రక్తపరీక్ష), హెపటైటిస్ బీ, సీ కూడా అడుగు.

పోలీసు గొడవ ఏమీ లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్ల విషయంలో, మనలాంటి వాళ్లని నేరస్తులన్న పాత 377 సెక్షన్ పనికిరాదంది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ సెక్షన్ అసలు లేనే లేదు.

చదివే మిగతా వాళ్ల కోసం: కండోమ్ చిరిగిన రోజే తెలిస్తే 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తండి, 28 రోజులు వేసుకునే మందులు ఉంటాయి, పెప్ అంటారు. ఎంత తొందరగా మొదలెడితే అంత మంచిది. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి, రాత్రి అయితే క్యాజువాలిటీలో అడగండి. తమ్ముడికి ఆ టైం దాటిపోయింది. నిద్ర పట్టకపోతే 1097కి ఫోన్ చెయ్యి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

---

ఎండాకాలం_బెజవాడ:

ఇంత హడావుడి ఎందుకు బ్రో, ఏదన్నా రక్తదాన శిబిరంలో ఒక యూనిట్ ఇచ్చేయ్. వాళ్లే అన్ని టెస్టులూ చేసుకుంటారు, ఏమన్నా ఉంటే ఫోన్ చేసి చెప్తారు. ఫ్రీ, పైగా ఫ్రూటీ ఇస్తారు.

---

మందుల_కొట్టు:

పైన రక్తదానం సలహా ఇచ్చిన అన్నకి దండం. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఇప్పుడే చెప్పారు కదా, మొదటి వారాల్లో టెస్టుకి దొరక్కపోవచ్చు, ఆ రక్తం కాన్పు అయిన ఎవరో ఆవిడకి ఎక్కుతుంది. పైగా 2017 దాతల మార్గదర్శకాల ప్రకారం మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు రక్తం ఇవ్వకూడదు. ఆ నిబంధన న్యాయమా కాదా అన్నది వేరే గొడవ, అందరినీ ఒకే గాటన కట్టడం నాకూ నచ్చదు, కోర్టుదాకా వెళ్లింది కూడా. కానీ టెస్టు కోసం రక్తం ఇవ్వడం ఏ లెక్కన చూసినా తప్పే.

నాకు వన్‌టౌన్‌లో మెడికల్ షాపు ఉంది. సాయంత్రం జనం పల్చబడ్డాక వచ్చి “అన్నా ఒక చిన్న పుండు, ఏదన్నా యాంటీబయాటిక్ ఇవ్వు” అనేవాళ్లు మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ, అందులో పెళ్లైనవాళ్లు, కానివాళ్లు, కాలేజీ పిల్లలు, అందరూ ఉంటారు. నేను ఇవ్వను. రెండు బిళ్లలు వేసుకుంటే పుండు తగ్గినట్టు కనిపిస్తుంది, జబ్బు సగం చస్తుంది, తర్వాత డాక్టరుకి ఏమీ అంతుపట్టదు. ఇచ్చే షాపులు ఉన్నాయి, లేవనను. అంతకంటే ఘోరం బస్టాండు గోడల మీద పోస్టర్లు వేసుకునే “రహస్య వ్యాధుల” బాపతు, వారానికొకసారి లాడ్జిలో రూమ్ తీసుకుని కూర్చుంటారు, వేల రూపాయల లేహ్యాలు అంటగడతారు. వాళ్ల దగ్గరికి మాత్రం ఛస్తే వెళ్లొద్దు.

కొబ్బరినూనె సంగతి. కొబ్బరినూనె, వాజలిన్, బేబీ ఆయిల్, ఏ జిడ్డు తగిలినా రబ్బరు కండోమ్ నిమిషాల్లో మెత్తబడి చిరుగుతుంది. మనవాళ్లలో సగంమందికి ఇది తెలియదు. నీళ్లతో చేసిన జెల్ అడగండి, మా దగ్గర దొరుకుతుంది, అడగడానికి సిగ్గైతే ఫోన్‌లో పేరు చూపించండి, మేం ఏమీ అడగం.

ఇంకొకటి, ప్రెప్. హెచ్ఐవీ లేనివాళ్లు రాకుండా ముందే వేసుకునే బిళ్ల, టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిపి ఉంటుంది. డాక్టర్ చీటీ ఉండాలి. మొదలెట్టే ముందు హెచ్ఐవీ నెగెటివ్ అని తేలాలి, హెపటైటిస్ బీ, కిడ్నీకి క్రియాటినిన్ చూడాలి, తర్వాత మూడు నెలలకోసారి టెస్టు. రోజూ ఒకటి వేసుకోవచ్చు. రోజూ అక్కర్లేని మగవాళ్లు కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు, మొదటి డోసుకి 24 గంటల తర్వాత ఒకటి, ఆపైన 24 గంటలకి ఇంకొకటి వేసుకునే పద్ధతీ ఉంది, కానీ హెపటైటిస్ బీ ఉన్నవాళ్లకి ఆ పద్ధతి పనికిరాదు. ప్రెప్ హెచ్ఐవీని ఆపుతుంది, సిఫిలిస్‌ని ఆపదు. చాలామంది స్కిన్ డాక్టర్లు కూడా ప్రెప్ అంటే ఏంటి అంటారు, మీరే పేరు చెప్పాల్సి వస్తుంది, అది మన ఖర్మ.

---

రెండువైపులా:

నాది గుంటూరు, బ్రాడీపేట. నేను బై. పెళ్లైంది, పాప ఉంది. తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతుంటే ఆ రిసెప్షన్ హాలు కళ్ల ముందు కనిపించింది.

నాకు తెలిసిన ఒక చిట్కా. గుంటూరు వాళ్లం టెస్టుకి బెజవాడ వెళ్తాం, బెజవాడ వాళ్లు గుంటూరు వస్తారు, బహుశా మంగళగిరి దగ్గర మన బస్సులు ఎదురెదురు పడుతుంటాయి. నవ్వులాటకి అన్నా కానీ ఇది పనిచేస్తుంది, తెలిసిన మొహం తగలదన్న ధైర్యంతో నోరు తెరుచుకుంటుంది. మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా స్కిన్ ఓపీ ఉంది, రెండు ఊళ్లకీ మధ్యలో, పొద్దున్నే వెళ్లాలి, క్యూ బాగా ఉంటుంది.

నేను మొదట ప్రైవేటుకే వెళ్లాను. ఊరు, పేరు చెప్పను, పెద్ద వయసాయన. నిజం చెప్పాను. పెన్ను కింద పెట్టి “పెళ్లైనవాడివి, నీకిదేం బుద్ధి” అని మొదలుపెట్టాడు, మనసు కుదురుగా ఉండటానికి ఏదో మాత్ర రాస్తానన్నాడు, టెస్టుల ఊసే ఎత్తలేదు. అప్పుడు నోట మాట రాక లేచి వచ్చేశాను. ఈ బుద్ధి మార్చే వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందకి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పిందని తర్వాత తెలిసింది. కాబట్టి ఎవరైనా పాఠం మొదలెడితే “అండీ, నేను టెస్టుల కోసం వచ్చాను” అను. ఆయన వినకపోతే బయటికి వచ్చెయ్, కానీ అక్కడితో ఆగిపోకుండా ఇంకో చోటికి వెళ్లు. ఒక డాక్టర్ తిట్టాడని ఏడాదిపాటు ఎవరి దగ్గరికీ వెళ్లని వాళ్లు నాకు తెలుసు.

నన్ను మళ్లీ కదిలించింది వేరే. మా ఆవిడ కడుపుతో ఉందని తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్లందరికీ మొదటి చెకప్‌లోనే హెచ్ఐవీ, సిఫిలిస్ చూస్తారు, పుట్టేవాళ్లకి సోకకుండా. అంటే నాకేమన్నా ఉంటే అది తన రిపోర్టులో, తను ఒక్కతే ఆసుపత్రిలో కూర్చుని ఉండగా బయటపడుతుంది. ఆ ఆలోచన వచ్చాక ఇక ఆగలేదు, తన చెకప్‌కి ముందే ప్రభుత్వ ఐసీటీసీకి వెళ్లాను. అక్కడ కౌన్సిలర్ ఆడమనిషి. అదే చెప్తే “వెనకవైపా, ముందువైపా, నోటితోనా” అని మార్కెట్లో కూరగాయలు అడిగినంత మామూలుగా అడిగి రాసుకుంది. నా భయం అక్కడే సగం పోయింది. నాది నెగెటివ్, తనదీ.

తమ్ముడూ, సంబంధాల సంగతి నీ ఇష్టం, నేను చెప్పే అర్హత ఉన్నవాణ్ని కాదు. మూడు నెలల టెస్టు అయ్యేదాకా మాత్రం ముహూర్తం పెట్టనివ్వకు. ప్రాజెక్ట్ ఉంది, ప్రమోషన్ ఉంది, ఏదో ఒకటి చెప్పు.

---

రాత్రి_డ్యూటీ:

అడగకూడదేమో కానీ, రెండువైపులా అన్నా, మీ ఆవిడకి తెలుసా? తెలియకపోతే ఆవిడ ఆరోగ్యం మీద నిర్ణయం మీరొక్కరే తీసుకుంటున్నట్టు కదా.

---

రెండువైపులా:

తెలియదు. నువ్వు అడిగింది న్యాయమే, దానికి నా దగ్గర సమాధానం లేదు. బయట కండోమ్ లేకుండా ఉండను, మూడు నెలలకోసారి టెస్టు మానను. అది సమాధానం కాదని నాకూ తెలుసు.

---

పాత_కౌన్సిలర్:

దీని మీద చట్టం ఏమందో చెప్తాను, తీర్పు చెప్పడానికి కాదు. పాజిటివ్ వచ్చిన మనిషి భాగస్వామికి తనే చెప్పాలని మేం నచ్చజెప్తాం, కావాలంటే ఇద్దరినీ కూర్చోబెట్టి మేమే సాయం చేస్తాం. ఎంత చెప్పినా చెప్పడనిపించి, భాగస్వామికి సోకే ప్రమాదం నిజంగా ఉంటే, ముందు అతనికే “మేం చెప్తున్నాం” అని తెలియజేసి, డాక్టర్ గానీ శిక్షణ ఉన్న కౌన్సిలర్ గానీ భాగస్వామికి చెప్పవచ్చు. వెనకనుంచి ఫోన్ చేయడాలు ఉండవు. ఇంతదాకా చాలా అరుదుగా వస్తుంది. మందులు సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, టెస్టుకి దొరకనంత తగ్గి అలాగే ఉంటే సంబంధం ద్వారా ఎదుటివాళ్లకి సోకదు, ఈ మాట వినగానే ఇంట్లో చెప్పడానికి ధైర్యం వచ్చినవాళ్లని చూశాను.

---

పటమట_రూమ్:

వెళ్లొచ్చాను. మీ అందరికీ థాంక్స్ అనేది చిన్న మాట. కౌన్సిలర్ అన్నా, మీరు రాసిన నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకుని వెళ్లాను. లేడీ డాక్టర్, నాకంటే నాలుగైదేళ్లు పెద్దేమో. కాగితం చదివి, మడిచి నాకే ఇచ్చేసి “చూపించండి” అంది. మెడికోలని తనే పంపించేసింది, నేను అడగలేదు. ఓపీ కౌంటర్ దగ్గర మాత్రం గంటన్నర నిలబడ్డాను, ఫ్యాన్ కింద చోటు దొరకలేదు.

ఆర్‌పీఆర్ రియాక్టివ్, ఇంకో టెస్టు టీపీహెచ్ఏ అని చేశారు, అదీ పాజిటివ్. సిఫిలిసే. హెచ్ఐవీ నెగెటివ్, మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు. హెపటైటిస్ రెండూ లేవు, బీ టీకా వేయించుకోమన్నారు. ముందు చేతికి చిన్న టెస్ట్ డోస్ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టి, తర్వాత రెండువైపులా ఇంజెక్షన్. అన్నా, నొప్పి గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు! బస్సులో పటమట దాకా నిలబడే వచ్చాను. రాత్రి చలి జ్వరం వచ్చి ఒళ్లంతా నొప్పులు, భయపడి 1097కి ఫోన్ చేస్తే మాట్లాడినావిడ నిదానంగా విని, ఇంజెక్షన్ వేసిన చోటికి పొద్దున్నే ఫోన్ చేయమంది. పొద్దున్నకి తగ్గిపోయింది. రూమ్‌మేట్‌కి వైరల్ ఫీవర్ అన్నాను, వాడు కారప్పొడి ఇడ్లీ తెచ్చిపెట్టాడు.

ఇప్పుడు రెండు డౌట్లు. ఆ జ్వరం మందు పడకపోవడమా? ఇంకోటి, అతనికి ఎలా చెప్పాలి? యాప్‌లో తప్ప నంబర్ లేదు. చెప్తే నా వల్లే వచ్చిందని గొడవపడి నా ఫొటోలు ఎవరికైనా పంపుతాడేమోనని భయం.

---

పాత_కౌన్సిలర్:

నొప్పి సంగతి చెప్తే వెళ్లవని చెప్పలేదు. అబద్ధం కాదు, అది వృత్తి రహస్యం.

ఆ జ్వరం ఈ ఇంజెక్షన్ తర్వాత చాలామందికి వస్తుంది, క్రిములు ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్లు అలా స్పందిస్తుంది, సాధారణంగా ఒక రోజులో పోతుంది. మందు పడకపోతే దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం ఉంటాయి, అవి వస్తే మాత్రం నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి. రిపోర్టు జాగ్రత్తగా దాచు, ఆర్‌పీఆర్ పక్కన 1:16, 1:32 అని ఏదో ఒక అంకె ఉంటుంది. మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి మళ్లీ చేసి ఆ అంకె తగ్గుతోందా అని చూస్తారు. టీపీహెచ్ఏ చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, రేపెప్పుడో ఏ చెకప్‌లోనో అది చూసి మళ్లీ బెదిరిపోకు, ఎవరన్నా అడిగితే ఈ రిపోర్టు, ఇంజెక్షన్ చీటీ చూపించు. డాక్టర్ సరే అనేదాకా ఎవరితోనూ కలవొద్దు.

అతనికి చెప్పు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న మాట ఎత్తకు, తేల్చలేం కూడా. “నాకు సిఫిలిస్ అని తేలింది, మందు తీసుకున్నాను. నువ్వూ ఆర్‌పీఆర్, హెచ్ఐవీ చేయించుకో. ప్రభుత్వాసుపత్రి స్కిన్ ఓపీలో ఉచితం. ఏమీ కనపడకపోయినా వెళ్లు.” ఇది పంపించి ఊరుకో. పంపే ముందు ప్రొఫైల్‌లో మొహం కనిపించే ఫొటో ఉంటే తీసెయ్. నీ చేత్తో పంపడం వద్దనుకుంటే ఆ క్లినిక్‌లో కౌన్సిలర్‌ని అడుగు, భాగస్వామికి ఇవ్వడానికి చీటీ ఇస్తారు, నీ పేరు చెప్పకుండా అతనికి తెలియజేసే దారి ఉందేమో వాళ్లే చూస్తారు. అతను ఒకవేళ బెదిరిస్తే డబ్బు మాత్రం పంపకు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ మోసాలకి అదే నంబర్.

---

పటమట_రూమ్:

పంపాను. చూశాడు, బ్లూ టిక్ వచ్చింది. చాలాసేపటి తర్వాత “ఏ ఆసుపత్రి, పొద్దున ఎన్నింటికి ఓపీ” అని అడిగాడు. చెప్పాను. తోడు రావాలా అని అడుగుతున్నాను, ఇంకా టైప్ చేస్తున్నాడు.